విడాకులు వచ్చాక చర్చి అనల్‌మెంట్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కతోలికులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, జయపురం వైపు తెలుగు కతోలికుల పెళ్లిళ్లలో వధువుది ఒక రాష్ట్రం, వరుడిది ఇంకో రాష్ట్రం కావడం మామూలే. ప్రధానం పాతపట్నంలో, పెళ్లి పర్లాకిమిడిలో, కాపురం సూరత్‌లో. సంసారం చెడినప్పుడు ఆ కాగితాలు రెండు మేత్రాసనాల్లో (బిషప్ పరిధుల్లో), రెండు మూడు భాషల్లో చెల్లాచెదురుగా తేలతాయి. ఈ జవాబులు అలాంటి కుటుంబాల కోసం రాసినవి. వకీలు సలహా తీసుకోవలసిన చోట తీసుకోవలసిందే.

కోర్టు విడాకులు ఇచ్చేసింది. మళ్లీ చర్చి దగ్గరికి ఎందుకు వెళ్లాలి?

కోర్టు తీర్పుతో చట్టం దృష్టిలో మీ పెళ్లి ముగిసింది. చర్చి దృష్టిలో ముగియలేదు. జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య సక్రమంగా జరిగి, దాంపత్యంగా కొనసాగిన వివాహాన్ని మరణం తప్ప ఏ మానవ అధికారమూ విడదీయలేదని చర్చి బోధన. కాబట్టి ట్రిబ్యునల్ (చర్చి న్యాయస్థానం) మీ పెళ్లిని తెంచదు. పెళ్లినాడు మీరిద్దరూ సమ్మతి చెప్పిన ఆ క్షణంలో వివాహ బంధం అసలు ఏర్పడిందా లేదా అన్నది మాత్రమే పరిశీలిస్తుంది. ఏర్పడలేదని సాక్ష్యాలతో రుజువైతే ఆ మాటే ప్రకటిస్తుంది. అనల్‌మెంట్ అంటే ఆ ప్రకటనే.

ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. ట్రిబ్యునల్ చూపు పెళ్లి తరువాత జరిగిన గొడవల మీద కన్నా, పెళ్లికి ముందు రోజుల మీదే ఎక్కువగా ఉంటుంది. మన వాళ్లు మాత్రం అర్జీ నిండా గొడవలే రాస్తారు.

నాకు మళ్లీ పెళ్లి ఆలోచన లేదు. అయినా అర్జీ వేయాలా?

అక్కర్లేదు. విడాకులు పొంది, మరో పెళ్లి చేసుకోకుండా ఉన్నవారు పాపసంకీర్తనం చేసుకోవచ్చు, దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చు, గుడి పనుల్లో పాల్గొనవచ్చు. విడాకులు తీసుకున్నంత మాత్రాన ఎవరూ చర్చికి వెలి కారు. భర్త వదిలేసిన ఆడపిల్లను సత్ప్రసాదం వరుసలోకి రానివ్వకుండా వెనక బల్ల మీద కూర్చోబెట్టే పెద్దలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. అది చర్చి నియమం కాదు, వాళ్ల సొంత పెత్తనం. చిక్కు వచ్చేది అనల్‌మెంట్ లేకుండా మరో పెళ్లి చేసుకున్నప్పుడు. ఇప్పటికే అలా చేసుకున్నవారు దాచుకోకుండా విచారణ గురువులతో (తమ గుడి బాధ్యత చూసే గురువులతో) మాట్లాడడం మంచిది. వారూ అర్జీ వేయవచ్చు.

చర్చి తీర్పు ఉంటే కోర్టు విడాకులు అవసరం లేదా?

ఈ పొరపాటు జైలు దాకా తీసుకుపోగలదు. చర్చి ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పుకు మన దేశ చట్టం ముందు విలువ లేదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. చర్చి తీర్పులను కోర్టులు గుర్తించాలని కోరుతూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2017లో కొట్టివేసింది. చర్చి కాగితం పట్టుకుని, కోర్టు విడాకులు లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే అది రెండో పెళ్లి నేరం. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

కోర్టు వైపు మనకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001లో దాన్ని బాగా సవరించారు. 10ఎ సెక్షన్ ద్వారా పరస్పర అంగీకార విడాకులు వచ్చింది అప్పుడే. రెండేళ్లు విడిగా ఉండాలని చట్టంలో రాసి ఉంది. 2010లో కేరళ హైకోర్టు దాన్ని ఏడాదిగానే చదవాలని చెప్పింది. మీ జిల్లా కోర్టు ఎలా చూస్తుందో వకీలును అడగండి. క్రైస్తవుల విడాకులను హైకోర్టు ఖాయం చేయాలని ఇప్పటికీ చెప్పే పెద్దలు ఉన్నారు. ఆ నిబంధన కూడా 2001తోనే పోయింది.

సాధారణంగా ట్రిబ్యునళ్లు కోర్టు విడాకుల తీర్పు నకలు అడిగాకే అర్జీ తీసుకుంటాయి. కాపురం ఇక అతకదని జడ్జికి నమ్మకం కుదరాలని చర్చి చట్టంలోనే ఉంది. ఆ మాట చెప్పడానికి కోర్టు తీర్పుకు మించిన కాగితం లేదు.

మాది పర్లాకిమిడి, పెళ్లి శ్రీకాకుళం జిల్లాలో జరిగింది. ఏ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి?

పెళ్లి జరిగిన చోటి ట్రిబ్యునల్, మీరుగానీ అవతలివారుగానీ నివసించే చోటి ట్రిబ్యునల్, సాక్ష్యాలు ఎక్కువగా దొరికే చోటి ట్రిబ్యునల్: వీటిలో దేనికైనా వెళ్లవచ్చు. పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన సవరణలు 2015 డిసెంబర్ 8 నుంచి అమల్లోకి వచ్చాక మీ సొంత ఊరి మేత్రాసనంలో వేసుకోవడానికి అవతలివారి ఒప్పుదల కూడా అవసరం లేదు.

మన వైపు గంజాం, గజపతి జిల్లాలు బరంపురం మేత్రాసనంలో ఉన్నాయి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు 2016లో దాని నుంచి విడిపోయి రాయగడ మేత్రాసనంగా ఏర్పడ్డాయి. సరిహద్దు అవతల శ్రీకాకుళం మేత్రాసనం 1993 నుంచి ఉంది. తెలుగులో చెప్పుకోవడానికి సులువని కొందరు ఆంధ్ర వైపు వేయాలనుకుంటారు. పెళ్లి అక్కడ జరిగి ఉంటే తప్పేమీ లేదు. అయితే సాక్షులు ఎక్కడ ఉన్నారో చూసుకుని నిర్ణయించుకోండి. పొలం పనులు మానుకుని ముసలి మేనత్త ఎన్నిసార్లు బస్సెక్కగలదో మీకే తెలుసు.

సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో మూడు నెలలుగా ఉంటున్నవారు అక్కడి ట్రిబ్యునల్‌కు కూడా వెళ్లవచ్చు.

ఏ కారణాలు చెల్లుతాయి?

ఎక్కువ మంది అడిగేది ఇదే, ఎక్కువ మంది తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. తాగుడు, కొట్టడం, అక్రమ సంబంధం, అత్తింటి ఆరళ్లు, కట్నం పోరు: ఇవి విడాకులకు కారణాలు. వాటంతట అవి అనల్‌మెంట్‌కు కారణాలు కావు. వాటి వేరు పెళ్లికి ముందే ఉందని చూపగలిగితే మాత్రం చాలా దూరం తీసుకువెళతాయి.

బలవంతం మాట చూద్దాం. తల్లిదండ్రులు నచ్చజెప్పి ఒప్పించడం బలవంతం కాదు. అలా అయితే మన ఊళ్లలో సగం పెళ్లిళ్లు నిలవవు. కానీ అమ్మాయి వద్దని ఏడుస్తుంటే తల్లి పురుగుమందు డబ్బా చేతిలో పట్టుకుని కూర్చుంటే అది వేరే సంగతి. ఒప్పుకోకపోతే ఇంట్లోంచి వెళ్లగొడతామనో, చదువు మాన్పిస్తామనో బెదిరించినా అంతే. పెళ్లి తప్ప ఆ భయం నుంచి బయటపడే దారి లేదనిపించి ఉంటే, ఆ సమ్మతి చెల్లదు. భయపెట్టినవారికి ఆ ఉద్దేశం లేకపోయినా సరే. గురువుల ముందు "ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నాను" అని సంతకం పెట్టిన కాగితం గుడి ఫైల్లో ఉంటుంది, దాన్ని తప్పక తీస్తారు. ఆ సంతకం ఎలాంటి పరిస్థితిలో పెట్టారో చెప్పగల సాక్షి ఒక్కరైనా కావాలి.

మోసం ఇంకొకటి. కాపురాన్ని తీవ్రంగా దెబ్బతీసే విషయాన్ని, పెళ్లి జరిపించుకోవడానికే దాచి ఉండాలి. మూర్ఛ, మానసిక వ్యాధి, పిల్లలు పుట్టరని ముందే తెలిసిన సంగతి, అంతకుముందే ఉన్న బిడ్డ, జైలు శిక్ష లాంటివి. జీతం నాలుగు వేలు ఎక్కువ చెప్పారన్నది నిలవడం కష్టం. ముందే ఒక పెళ్లి ఉండి, ఆ భార్యో భర్తో బతికే ఉంటే అది ఒట్టి మోసం కాదు, అడ్డంకి. రెండో పెళ్లి మొదటి నుంచీ చెల్లదు.

ఇక ఎక్కువగా వినిపించేది మానసిక కారణాల వల్ల వివాహ బాధ్యతలు మోయలేకపోవడం, లేదా వాటిని తూచి చూసుకునే వివేచన లేకపోవడం. పెళ్లికి ముందు నుంచే వదలని తాగుడు వ్యసనం ఇక్కడికే వస్తుంది. పెళ్లయిన అయిదేళ్లకు మొదలైన తాగుడు రాదు. ఇలాంటి కేసుల్లో సాధారణంగా మానసిక నిపుణుల అభిప్రాయం తీసుకుంటారు. పాత మందుల చీటీలు, ఆసుపత్రి కాగితాలు పారేయకండి.

పైకి ప్రమాణం చేసి లోపల పిల్లలు వద్దనో, విశ్వాసంగా ఉండననో, నచ్చకపోతే వదిలేస్తాననో ముందే నిశ్చయించుకోవడం, నపుంసకత్వం కూడా కారణాలే.

మాది మేనరికం. అదే కారణం అవుతుందా?

అక్కాతమ్ముళ్ల పిల్లల మధ్య పెళ్లి చర్చి లెక్కలో నాలుగో తరగతి రక్తసంబంధం, మేనమామతో పెళ్లి మూడోది. రెండూ అడ్డంకులే. అయితే మేత్రాణులు (బిషప్) మినహాయింపు ఇవ్వగలరు, మన తెలుగు కుటుంబాలకు ఇస్తూనే ఉంటారు. మినహాయింపు ఉంటే ఆ కారణం పోయినట్టే. రిజిస్టరులో మినహాయింపు నమోదు కనిపించకపోతే, మేత్రాసన కార్యాలయంలో కూడా దొరకకపోతే, అప్పుడు దస్తావేజుల ఆధారంగానే చిన్న దారిలో తేలిపోవచ్చు. బంధుత్వం చెప్పకుండా దాచి పెళ్లి చేసిన సందర్భాలు ఉంటాయి. ఇంటి పేర్లు వేరు కావడంతో, కొత్తగా వచ్చిన గురువులకు వరసలు తెలియవు.

పెళ్లి మా గుడిలో జరగలేదు. బాప్టిస్టు చర్చిలో, లేదా రిజిస్టర్ ఆఫీసులో జరిగింది.

కతోలికులు మేత్రాణుల అనుమతి లేకుండా కతోలిక గురువులు, ఇద్దరు సాక్షుల ముందు కాక వేరే చోట పెళ్లి చేసుకుంటే చర్చి దృష్టిలో ఆ పెళ్లి చెల్లదు. పర్లాకిమిడి చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాలతో, జయపురం వైపు లూథరన్ కుటుంబాలతో మన సంబంధాలు కలుస్తూ ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ఇలాంటప్పుడు పెద్ద కేసు అక్కర్లేదు. జ్ఞానస్నాన పత్రం, ఆ పెళ్లి కాగితం, విడాకుల తీర్పు తీసుకుని మీ విచారణ గురువుల దగ్గరికి వెళ్లండి. తరువాత ఎప్పుడైనా కతోలిక గుడిలో ఆ పెళ్లిని సరిచేయించుకుని ఉంటే మాత్రం ఆ సంగతి దాచకండి, లెక్క మారిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మలుపు ఒకటి ఉంది. ఇద్దరు బాప్టిస్టులు తమ చర్చిలో చేసుకున్న పెళ్లిని కతోలిక చర్చి చెల్లుబాటుగానే చూస్తుంది. అలా విడాకులు పొందిన బాప్టిస్టు అబ్బాయిని మీ అమ్మాయి చేసుకోవాలంటే, అతని మొదటి పెళ్లి మీద కూడా ట్రిబ్యునల్ తీర్పు కావాలి.

హిందువుతో మినహాయింపు లేకుండా జరిగిన పెళ్లి చెల్లదు. మినహాయింపుతో జరిగినది, ఇద్దరూ జ్ఞానస్నానం లేని రోజుల్లో జరిగినది వేరే దారుల్లో వెళతాయి. కొన్ని రోము దాకా పోతాయి.

అర్జీ ఎలా రాయాలి? తెలుగులో రాయవచ్చా?

ముందు మీకు వచ్చిన భాషలో, మీ మాటల్లో రాసుకోండి. ఒడియా లేదా ఇంగ్లీషులోకి తరువాత మార్చుకోవచ్చు. సాక్ష్యం చెప్పేటప్పుడు జడ్జికి తెలుగు రాకపోతే ప్రమాణం చేసిన దుబాసీని పెట్టాలని చర్చి చట్టం. ఆ సంగతి అర్జీతోపాటే చెప్పండి. రాని ఒడియాలో అవునవునని తలాడించి సంతకం పెట్టకండి.

రాసే తీరు చూడండి. "ఆయన మంచివాడు కాదు, నన్ను చాలా బాధలు పెట్టాడు" అన్న వాక్యంతో జడ్జికి పని లేదు. "ప్రధానం అయిన వారానికి ఆయన మా ఇంటికి తాగి వచ్చాడు. నాన్న సంబంధం వద్దన్నారు. పెదనాన్న శుభలేఖలు పంచేశామని, పరువు పోతుందని ఒప్పించారు. ఆయనకు అంతకు రెండేళ్ల ముందే బరంపురంలో తాగుడు మాన్పించే వైద్యం జరిగిందని పెళ్లయ్యాక ఆడపడుచు చెప్పింది" అంటే అందులో కారణం ఉంది, కాలం ఉంది, ముగ్గురు సాక్షులు ఉన్నారు. పరిచయం ఎలా అయింది, పెళ్లిచూపులు, ప్రధానం, పెళ్లి ముందు వారం, మొదటి రాత్రి, మొదటి నెలలు: బలమంతా అక్కడ పెట్టండి. చివరి అయిదేళ్ల గొడవలకు ఒక పేజీ చాలు.

ఏ కాగితాలు కావాలి? పేర్లు కలవకపోతే?

ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలు, గుడి వివాహ పత్రం, విడాకుల తీర్పు ధ్రువీకృత నకలు, సాక్షుల పేర్లు, చిరునామాలు. మామూలుగా అడిగేవి ఇవే.

తల నొప్పంతా పేర్లతోనే. జ్ఞానస్నాన పుస్తకంలో పునీతుల పేరు, బడి సర్టిఫికెట్‌లో ఇంటి పేరుతో పిలుపు పేరు, ఆధార్‌లో ఒడియా పలుకుబడికి మారిన ఇంకో పేరు. కోర్టు తీర్పులో ఒక మనిషి, గుడి పుస్తకంలో ఇంకో మనిషి ఉన్నట్టు కనిపిస్తుంది. ముందే అఫిడవిట్ చేయించుకుని జత చేయండి. అర్జీ వేశాక గుర్తొస్తే ఉత్తరాలు నడవడానికే నెలలు పోతాయి.

అవతలి మనిషి రానంటే కేసు ఆగిపోతుందా?

ఆగదు. ట్రిబ్యునల్ నోటీసు పంపి తీరాలి, జవాబు చెప్పుకునే హక్కు ఆ మనిషికి ఉంది. రాకపోతే, ఆ గైర్హాజరును ప్రకటించి కేసు ముందుకు నడుపుతారు. తప్పుడు చిరునామా ఇచ్చి పని కానిద్దామని మాత్రం అనుకోకండి. నోటీసు అందకుండా వచ్చిన తీర్పు తరువాత కూలిపోవచ్చు. దూరంగా ఉంటే అక్కడి ట్రిబ్యునల్ ద్వారా వాంగ్మూలం తీసుకోవచ్చు.

ఆ మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలా? నేను చెప్పింది చదువుతాడా?

ఎదురెదురుగా కూర్చోబెట్టరు. ఒకరి వాంగ్మూలం తీసుకునేటప్పుడు మరొకరు ఉండకూడదు. చిన్న గది, బల్లకు అటు గురువులు, పక్కన రాసుకునే నోటరీ. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారు. ఒక్కో ప్రశ్నకు మీరు చెప్పింది రాసి, చివర చదివి వినిపించి, సంతకం పెట్టిస్తారు. తప్పుగా రాసి ఉంటే అప్పుడే దిద్దించండి, మొహమాటపడకండి.

ఇద్దరు పక్షాలకూ తరువాత ఫైలు చూసుకునే హక్కు ఉంది. పెద్ద ప్రమాదం ఉందనుకున్న భాగాన్ని చూపకుండా ఉంచే అధికారం జడ్జికి ఉంది. కొట్టిన మనిషి, బెదిరించిన మనిషి అయితే మొదటి రోజే చెప్పండి, మీ కొత్త చిరునామా సంగతి కూడా.

వివాహ బంధ సంరక్షకుడు అనే అధికారి ఒకరు ఉంటారు. పెళ్లి చెల్లుతుందని చెప్పగలిగినదంతా చెప్పడం ఆయన పని. ఆయన ప్రశ్నలు కటువుగా తగిలితే మీ మీద కక్ష అనుకోవద్దు.

ఎంత కాలం? ఎంత ఖర్చు?

మొదటి దశ ఏడాదిలో ముగియాలని చర్చి చట్టం చెబుతుంది. సాక్షులు ఉత్తరాలకు జవాబు ఇవ్వకపోవడం ఆలస్యానికి మొదటి కారణం. ఆ పని మీ చేతిలోనే ఉంది, వాళ్లకు ఫోను చేసి గుర్తుచేస్తూ ఉండండి. ఏమి చెప్పాలో మాత్రం నేర్పకండి. 2015 సవరణకు ముందు అనుకూల తీర్పును రెండో ట్రిబ్యునల్ కూడా ఒప్పుకోవలసి ఉండేది. ఇప్పుడు ఒక్క తీర్పు చాలు.

ఖర్చు మేత్రాసనాన్ని బట్టి ఉంటుంది. వీలైనంతవరకు ఉచితంగా జరగాలన్నది పోప్ సవరణలోని ఆశయం. కట్టలేనివారు ఆ మాట విచారణ గురువులతో రాయించి ఇవ్వవచ్చు. మధ్యలో ఎవరైనా "ట్రిబ్యునల్‌లో మన మనిషి ఉన్నాడు" అని డబ్బు అడిగితే ఇవ్వకండి.

త్వరగా తేలే దారి ఉందట కదా?

ఉంది. ఇద్దరూ కలిసి అడిగి, లేదా ఒకరు అడిగి మరొకరు ఒప్పుకుని, పెళ్లి చెల్లదని స్పష్టంగా చూపే ఆధారాలు చేతిలో ఉంటే మేత్రాణులే స్వయంగా తీర్పు ఇస్తారు. ఆయనకు నమ్మకం కుదరకపోతే కేసు మామూలు దారిలోకి వెళుతుంది.

పిల్లలు అక్రమ సంతానం అవుతారా?

కారు. చెల్లుతుందనుకుని చేసుకున్న పెళ్లిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని చర్చి చట్టం స్పష్టంగా చెబుతుంది. ఆస్తి, పోషణ, పిల్లల సంరక్షణ కోర్టు చెప్పినట్టే నడుస్తాయి, చర్చి తీర్పు వాటిని ముట్టుకోదు. భరణం ఎగ్గొట్టడానికి చర్చి తీర్పు చూపించే మగవాళ్లకు కోర్టులో పని జరగదు.

తీర్పు వ్యతిరేకంగా వస్తే?

తీర్పు తెలిసిన నాటి నుంచి 15 రోజుల్లో అప్పీలు చేయాలి. సాధారణ నియమం ప్రకారం అది అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ మేత్రాసనం) ట్రిబ్యునల్‌కు వెళుతుంది. బరంపురం, రాయగడలకు కటక్-భువనేశ్వర్, శ్రీకాకుళానికి విశాఖపట్నం. రోములోని రోటాకు (చర్చి పై కోర్టుకు) కూడా వెళ్లవచ్చు. వేరే కారణం మీద కొత్త అర్జీ వేసే వీలూ ఉంది. అవతలివారికి, వివాహ బంధ సంరక్షకుడికి కూడా అప్పీలు హక్కు ఉందని మరచిపోకండి.

అనుకూల తీర్పు వచ్చింది. ఇక పెళ్లి చేసుకోవచ్చా?

తీర్పు చివరి పేరాలు చదవండి. కొన్నిసార్లు మేత్రాణుల అనుమతి లేకుండా కొత్త పెళ్లి చేసుకోరాదని నిషేధం రాస్తారు, ముఖ్యంగా మానసిక కారణాల మీద తీర్పు వచ్చినప్పుడు. అది తొలగించుకోవాలంటే కౌన్సెలింగ్ అడగవచ్చు. నిషేధం లేకపోతే అప్పీలు గడువు ముగిశాక, ఆ తీర్పు వివరం మీ జ్ఞానస్నాన పుస్తకంలోనూ, వివాహ రిజిస్టరులోనూ ఎక్కాలి. జ్ఞానస్నానం పలాస దగ్గర పల్లెలో, పెళ్లి గుణుపూరులో అయితే రెండు గుళ్లకూ ఉత్తరం వెళ్లాలి. వెళ్లిందో లేదో మీరే కనుక్కోండి. ఆ వివరం మార్జిన్‌లో ఎక్కిన కొత్త జ్ఞానస్నాన పత్రం తెచ్చుకుంటే చాటింపులకు (గుడిలో చేసే పెళ్లి ప్రకటనలకు) అడ్డు ఉండదు.

ఈలోగా ముహూర్తం ఖాయం చేసుకోవచ్చా?

వద్దు. తీర్పు చేతికి రాకముందు ఏ గురువులూ మీకు తేదీ ఇవ్వలేరు. కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టేశామని, శుభలేఖలు అచ్చయ్యాయని చెబితే ట్రిబ్యునల్ పని వేగం పెరగదు. ఆ అడ్వాన్సు మాత్రం తిరిగి రాదు.